డీరేలర్ చూసి సైకిల్ కొనకండి

రాత్రి పదకొండున్నరకి వాట్సాప్‌లో మూడు ఫొటోలు వచ్చాయి. పంపింది మా పిన్ని కొడుకు చిన్నూ. వాడికి ఉద్యోగం వచ్చి నాలుగు నెలలైంది. మూడూ ఒకే రోడ్ బైక్ ఫొటోలు. మూడో దాంట్లో వెనక చక్రం దగ్గర ఎర్రగా ఒక సున్నా చుట్టి, కింద రాశాడు: 'అన్నా, టియాగ్రా! 82 వేలకే. ఈఎంఐ ఉంది. ఆదివారంతో ఆఫర్ క్లోజ్. కొనెయ్యనా?'

వెంటనే జవాబివ్వలేదు. ఆ ఎర్ర సున్నా లోపల ఉన్నది వెనక డీరేలర్. గేరు మార్చినప్పుడు చైన్‌ని ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదకి నెట్టే బుల్లి యంత్రం. ఆరేళ్ల కిందట నేనూ సరిగ్గా అక్కడే చూసి, అదే పేరు చదివి, 62 వేలు పోసి ఒక సైకిల్ కొన్నాను. ఆ సైకిల్‌తో చివరికి టమాటాల లోడు డీసీఎంలో ఇంటికొచ్చాను. ఈ కథ ఇంతవరకూ వాడికి చెప్పలేదు. పరువు సమస్య కదా!

వాడికి చెప్పాల్సి వచ్చింది కాబట్టి మీకూ చెప్పేస్తా.

బ్రెవే అని ఒకటుంటుంది. పోటీ కాదు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో తొక్కేస్తే చాలు, ముందొచ్చినా వెనకొచ్చినా ఒకటే లెక్క. తెల్లవారుజామున హైదరాబాద్‌లో బయల్దేరి బెంగళూరు హైవే మీద వంద కిలోమీటర్లు వెళ్లి, మళ్లీ వెనక్కి తిరిగి రావాలి. వెళ్లేటప్పుడు గాల్లో తేలినట్టుంది. నా సైకిల్ చక్రాలు చూడ్డానికి కూడా భలే ఉండేవి. లోతైన నల్ల రిమ్ములు, చదునుగా కత్తుల్లాంటి స్పోకులు. వెనక చక్రానికి మొత్తం 20 స్పోకులే. 'ఏరో' అన్నాడు అమ్మినాయన. నేనూ అందరికీ అదే చెప్పుకునేవాణ్ని.

తిరుగు దారిలో జడ్చర్ల దగ్గర, 118వ కిలోమీటరులో 'టంగ్'మని ఒక శబ్దం. రాయి తగిలిందనుకున్నా. పది గజాలు వెళ్లేసరికి వెనక చక్రం పాములా మెలికలు తిరుగుతూ బ్రేకు ప్యాడ్లకి రాసుకోవడం మొదలైంది. బ్రేకు వదులు చేస్తే, ఈసారి టైరు ఫ్రేముకి రాసుకుంది. 36 స్పోకులున్న చక్రంలో ఒకటి తెగితే మిగతావి సర్దుకుంటాయి, నెమ్మదిగా ఇంటికి చేరొచ్చు. 20లో ఒకటి తెగితే పక్కనున్నవి రిమ్మును తమ వైపు లాగేస్తాయి. అంతే, బండి కదలదు.

రోడ్డు పక్కనే ఒక పంచరు షాపు. అందులో పెద్దాయన చక్రాన్ని తిప్పి చూశాడు, ఇంకోసారి తిప్పాడు. "గిసొంటి పుల్ల నా తాన లేదు బిడ్డా. మామూలుదైతే పది నిమిషాల్ల ఏసిస్తుంటి" అన్నాడు. గోడకి కట్టలు కట్టలుగా మామూలు స్పోకులు వేలాడుతున్నాయి. నా 62 వేల సైకిల్‌కి వాటిలో ఒక్కటీ పనికిరాదు. వెనక డీరేలరా? అది మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది, కదలని సైకిల్ మీద!

చిన్నప్పుడు మా వీధికొచ్చే పాలాయన సైకిల్ గుర్తుందా అని చిన్నూని అడిగాను. ఆ పాత నల్ల సైకిళ్ల వెనక చక్రానికి 40 స్పోకులుండేవి, ముందు దానికి 32. బరువంతా వెనకే పడుతుందని ఆ సైకిల్ తయారుచేసినవాళ్లకి తెలుసు. రెండు క్యాన్ల పాలు, ఒక పాలాయన, మధ్యలో అన్నీ గుంతలు. అయినా ఆ చక్రం ఏళ్ల తరబడి తిరిగేది.

సరే, అసలు విషయానికొస్తా.

రోడ్ బైక్ గేర్లలో మనకి ఎక్కువగా కనిపించేది జపాన్ కంపెనీ షిమానో. వాళ్ల మెట్లు కిందనుంచి పైకి ఇలా ఉంటాయి: టూర్నీ 7 గేర్లు, క్లారిస్ 8, సోరా 9, టియాగ్రా 10. ఆపైన 105. అది 11తో ఉండేది, ఇప్పుడు 12కి వచ్చింది. దానిపైన అల్టెగ్రా, డ్యూరా ఏస్. అవి మన జీతాల జోలికి రావు కాబట్టి వదిలేద్దాం. 2023 నుంచి క్యూస్ అనే కొత్త సిరీస్ కూడా తెచ్చి, కింది మెట్లని మెల్లగా దాంట్లో కలిపేస్తున్నారు. షాపుల్లో ఇంకొన్నాళ్లు పాతా కొత్తా రెండూ కనిపిస్తాయి. క్యూస్ భాగాలని పాత సోరా, టియాగ్రా భాగాలతో కలపకూడదన్నది ఒక్కటి గుర్తుంటే చాలు.

ఇప్పుడు అమ్మేవాళ్ల వైపు నుంచి ఆలోచించండి. మనలాంటి కొత్తవాళ్లు సైకిల్‌ని కుడివైపు నుంచి చూస్తాం. అన్ని కంపెనీలూ ఫొటో తీసేది కూడా కుడివైపు నుంచే. ఆ ఫొటోలో పేరు చదవడానికి వీలుగా కనిపించే భాగాల్లో మొదటిది వెనక డీరేలర్. అందుకని అక్కడ ఒక మెట్టు పైది పెడతారు. ఆ ఖర్చుని ఫొటోలో కనపడని చోట్ల రాబట్టుకుంటారు: హబ్బు లోపలి బేరింగులు, బ్రేకులు, క్రాంకు, టైర్లు, స్పోకులు. దీన్ని మోసం అనలేం. స్పెసిఫికేషన్ల పట్టికలో అన్నీ రాసే ఉంటాయి, చదవంది మనమే. 'బ్రేకులు: అల్లాయ్ కాలిపర్', 'హబ్బులు: అల్లాయ్' అని కంపెనీ పేరే లేకుండా రాసి ఉంటే, అక్కడ చెప్పుకోదగ్గ పేరేమీ లేదని అర్థం. పైన పటారం, లోన లొటారం అని మా అమ్మమ్మ అనేది ఇలాంటివాటి గురించే.

"అయితే క్లారిస్ కొనుక్కోమంటావా? మా ఆఫీసు గ్రూపులో అందరివీ 105లే అన్నా" అన్నాడు వాడు. ఫోన్‌లో కూడా వాడి మొహం కనిపించింది నాకు.

క్లారిస్‌కీ టియాగ్రాకీ తేడా లేదని నేననను. ఉంది. గేర్ల మధ్య అంగ తగ్గుతుంది, లీవర్ వేలికి మెత్తగా తగులుతుంది, కొంచెం బరువు తగ్గుతుంది. గుంపులో ఒకే వేగంతో గంటల తరబడి తొక్కేవాళ్లకి ఆ తేడా బాగానే తెలుస్తుంది. కానీ ఎత్తు ఎక్కేటప్పుడు పనికొచ్చేది గేర్ల సంఖ్య కాదు. వెనక అన్నిటికంటే పెద్ద పళ్లచక్రానికి ఎన్ని పళ్లున్నాయన్నది చూడాలి. ముందు చిన్నచక్రానికి 34 పళ్లు, వెనక పెద్దదానికి 28 ఉంటే, పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ రెండున్నర మీటర్లు కదలాలి. వెనకది 32 అయితే సుమారు రెండుంపావు మీటర్లే. ఆ పావు మీటరు విలువ వికారాబాద్ వెళ్లి అనంతగిరి గుట్ట ఎక్కితే తెలుస్తుంది. 32 పళ్ల క్లారిస్ వాడు కూర్చుని ఎక్కుతుంటే, 28 పళ్ల టియాగ్రా వాడు దిగి నడవచ్చు. మోకాళ్లకి బ్రాండు పేర్లు తెలియవు.

ఆదివారం ఇద్దరం షాపుకి వెళ్లాం. ఆఫర్ సైకిల్ మధ్యలో లైట్ల కింద నిలబెట్టారు. నిజంగానే అందంగా ఉంది, ఒప్పుకోవాలి. చిన్నూ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు, పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకులా.

నేను మొదట స్పోకులు లెక్కపెట్టాను. వెనక 20. నాకు కడుపులో తిప్పినట్టైంది. వెనక చక్రాన్ని గాల్లోకి లేపి తిప్పమన్నాను. తిరుగుతున్నప్పుడు చక్రాన్ని కాదు, బ్రేకు ప్యాడ్‌కీ రిమ్ముకీ మధ్య సందుని చూడాలి. ఆ సందు ఒకేలా ఉంటే చక్రం తిన్నగా ఉన్నట్టు. ఇక్కడ అది పెరుగుతూ తగ్గుతూ ఉంది. కొత్త సైకిల్‌కే బెండు! తర్వాత ఒక్కో స్పోకునీ వీణ తీగలా మీటాను. వెనక చక్రంలో గేర్ల వైపు స్పోకులు గట్టిగా బిగించి ఉంటాయి, కాబట్టి వాటి శ్రుతి ఎక్కువ, అవతలి వైపు తక్కువ. అది మామూలే. కానీ ఒకే వైపున్నవన్నీ దాదాపు ఒకే శ్రుతిలో మోగాలి. అక్కడ ఒకటి 'టింగ్' అంటే పక్కది 'డబ్' అంది. బిగింపు అలా ఎక్కువతక్కువైతే వదులుగా ఉన్నవి ప్రతి చుట్టుకీ అటూఇటూ ఆడుతుంటాయి. కొన్ని వేల కిలోమీటర్లయ్యాక వంపు దగ్గర తెగుతాయి. మంచి మెకానిక్ దొరికితే కొన్న రోజే అన్నీ సమంగా బిగించి ఇస్తాడు, కొన్ని వందలతో పోతుంది. అయితే 20ని 32 చేయడం ఎవరి వల్లా కాదు.

తర్వాత బ్రేకు. ముందు లీవర్‌ని గట్టిగా పట్టుకుని కాలిపర్ని చూడమన్నాను చిన్నూని. ప్యాడ్లు రిమ్మును పట్టుకున్నాక కూడా కాలిపర్ చేతులు వంగడం కంటికే కనిపించింది. అంటే మనం నొక్కిన బలంలో కొంత రిమ్మును పట్టుకోవడానికి కాకుండా ఆ లోహాన్ని వంచడానికి పోతోంది. వానలో, దిగుడులో, ముందు ఆటో ఆగినప్పుడు ఈ తేడా ఎంతో మీరే ఊహించుకోండి. సైకిల్ కొనేటప్పుడు గేర్లు ఎన్ని అని అందరూ అడుగుతారు. బ్రేకులు ఎవరివి అని అడిగినవాణ్ని నేను షాపులో ఇంతవరకూ చూడలేదు.

మంచి విషయం కూడా చెప్పాలి. దాని షిఫ్టర్లు, అంటే హ్యాండిల్ మీద గేర్లు మార్చే లీవర్లు, నిజంగా టియాగ్రావే. డీరేలర్ కంటే వాటి ఖరీదు చాలా ఎక్కువ. డీరేలర్ ఒక్కటే పై మెట్టుది పెట్టి షిఫ్టర్లు ఊరూపేరూ లేనివి పెట్టే సైకిళ్లతో పోలిస్తే ఇది నయమే. గ్రూప్‌సెట్ పేరు చూడాల్సి వస్తే షిఫ్టర్ మీద చూడండి.

అసలు చిక్కు వేరే చోట వచ్చింది. ఆఫర్లో మిగిలింది 56 సైజు ఒక్కటే. మావాడు అయిదడుగుల ఆరంగుళాలు. వాడికి 52 చుట్టుపక్కల ఉండాలి. "సీటు దించితే సెట్ అయిపోతుంది సర్" అన్నాడు షాపు కుర్రాడు. సీటు దిగుతుంది, నిజమే. కానీ ఫ్రేము పొడవు తగ్గదు కదా. హ్యాండిల్ అందుకోవడానికి ముందుకి సాగాలి. అరగంటకి మెడ పట్టేస్తుంది, గంటకి అరచేతులు తిమ్మిరెక్కుతాయి. హ్యాండిల్‌ని పట్టుకునే స్టెమ్ ముక్క చిన్నది వేస్తే ఒకటి రెండు సెంటీమీటర్లు కలిసొస్తాయేమో, అంత సైజు తేడా కలిసిరాదు. 'ఇంత తక్కువకి ఎందుకిస్తున్నారు' అన్న ప్రశ్నకి చాలాసార్లు జవాబు ఇదే. అమ్ముడుపోని సైజు.

చిన్నూ ఏమీ మాట్లాడలేదు. పక్కనే టీ కొట్టుకి తీసుకెళ్లా. వాడు నిజంగా బాధపడ్డాడు. మొదటి జీతం నుంచి కూడబెట్టుకున్న డబ్బు, ఆఫీసు గ్రూపులో అప్పటికే ఫొటో పెట్టేశాడు కూడా. "నువ్వు అన్నీ వంకలే చూస్తావన్నా" అన్నాడు. నిజమే కావచ్చు. డీసీఎంలో టమాటా పెట్టెల మధ్య మూడు గంటలు కూర్చున్నవాడికి వంకలు తొందరగా కనిపిస్తాయి.

అక్కడే వాడితో ఒక లెక్క వేయించాను. కొన్నాక మార్చుకోగలిగేవి ఏవి, మార్చుకోలేనివి ఏవి? టైర్లు, బ్రేకు ప్యాడ్లు, సీటు, క్యాసెట్టు, చైన్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పైగా కొన్నాళ్లకి అవి ఎలాగూ అరిగిపోతాయి. కాబట్టి వాటి పేర్లు చూసి ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. నాసిరకం బ్రేకు కాలిపర్‌కి కూడా మంచి ప్యాడ్లు వేస్తే సగం జబ్బు నయమవుతుంది. ఫ్రేము సైజు మారదు. ఫోర్కు దాదాపు మారదు. రిమ్ బ్రేకు ఫ్రేముకి తర్వాత డిస్క్ బ్రేకు పెట్టలేం. ఫ్రేములో 25 ఎంఎం టైరుకి మాత్రమే చోటుంటే 32 పట్టదు. మన రోడ్లకి 28 కంటే తక్కువ టైరు ఎందుకో నాకెప్పుడూ అర్థం కాలేదు. కాస్త లావు టైరులో గాలి కొంచెం తక్కువ పెట్టి తొక్కితే చేతులకీ నడుముకీ ఎంత సుఖమో తొక్కినవాళ్లకే తెలుసు.

చక్రాలు మధ్యలో ఉంటాయి. మార్చుకోవచ్చు, కానీ జేబు చిరుగుతుంది. కాబట్టి కొనేటప్పుడే చూసుకోవడం మేలు. వెనక హబ్బు 11 గేర్ల క్యాసెట్టు పట్టేదైతే ఇంకా మంచిది. పల్చటి ఒక వాషర్ వేసి అదే హబ్బు మీద 8, 9, 10 గేర్లవీ పెట్టుకోవచ్చు. దానికంటే పాతకాలం హబ్బు మీద 11 కూర్చోదు.

'ముందు క్లారిస్ కొని, తర్వాత మెల్లగా 105కి మార్చుకుంటా' అనే ఆలోచన మాత్రం మానుకోండి. గేర్ల సంఖ్య మారితే షిఫ్టర్లు, డీరేలర్లు, క్యాసెట్టు, చైన్ అన్నీ కలిపి మారాలి. విడివిడిగా కొంటే పాత సైకిల్ అమ్మి కొత్తది కొనుక్కోవడమే చవకనిపిస్తుంది.

క్రాంకు గురించి ఒక్క మాట. పెడల్ చేతుల్ని పట్టుకుని అటూఇటూ ఆడించి చూడండి, కదలకూడదు. మధ్యలో నలుచదరం ఇరుసు ఉన్న పాతరకం బాటమ్ బ్రాకెట్ కనిపిస్తే మొహం చిట్లించకండి. బరువెక్కువే కానీ ఏళ్లు పనిచేస్తుంది, చవగ్గా మారుతుంది. ఖరీదైన ఫ్రేముల్లో నొక్కి కూర్చోబెట్టే రకం ఉంటుంది. అది సరిగ్గా కూర్చోకపోతే ప్రతి తొక్కుడుకీ కిర్రు కిర్రుమని పెళ్లివారి ఊయలలా మోగుతుంది.

టీ అయ్యాక ఇంకో షాపుకి వెళ్లాం. అక్కడ సోరా సైకిల్, 64 వేలు. షిఫ్టర్లు, రెండు డీరేలర్లు సోరా. క్రాంకు మాత్రం వేరే కంపెనీది. అక్కడ వాళ్లూ డబ్బు మిగుల్చుకున్నారు, పర్వాలేదు. తీగతో లాగే డిస్క్ బ్రేకులు. ప్యాడ్లు అరిగేకొద్దీ చేత్తో బిగించుకుంటూ ఉండాలి, అదొక పని. కార్బన్ ఫోర్కు. ముందూ వెనకా 32 మామూలు స్పోకులు. వెనక పెద్ద పళ్లచక్రం 32. టైర్లు 28, ఫ్రేములో 32 వరకూ చోటు. రంగు మాత్రం బూడిద. చిన్నూకి అస్సలు నచ్చలేదు. తొక్కి చూడమన్నాను. సందు చివరిదాకా వెళ్లి వస్తాడనుకుంటే ఇరవై నిమిషాలు కనపడలేదు. తిరిగొచ్చాక రంగు గురించి మాట్లాడలేదు.

52 సైజు రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ వాడు నాతో సరిగ్గా మాట్లాడలేదు కూడా. ఈఎంఐ లేకుండా కొన్నాడు. మిగిలిన 18 వేలలో హెల్మెట్టు, ముందూ వెనకా లైట్లు, తాళం, పంపు, రెండు ట్యూబులు, టైరు లీవర్లు, ఒక మంచి ప్యాడింగ్ ఉన్న షార్ట్స్ కొన్నాం. మీరూ సైకిల్ ధర కాక కనీసం పది వేలు విడిగా పెట్టుకోండి. ఇవేవీ బిల్లులో కనిపించవు, కానీ ఇవి లేకుండా రోడ్డెక్కలేరు. సెకండ్‌హ్యాండ్ కొంటామంటే చైన్ ఎంత అరిగిందో కొలిచే బుల్లి గేజ్ ఒకటి పట్టుకెళ్లండి. చైన్ బాగా అరిగిపోయి ఉంటే క్యాసెట్టు కూడా పోయినట్టే లెక్కేసి బేరమాడండి.

సైకిల్ ఇంటికి తెచ్చిన రోజు రాత్రి వాడి నుంచి మళ్లీ ఫొటో వచ్చింది. ఈసారి ఎర్ర సున్నా వెనక చక్రం మొత్తానికి చుట్టాడు. 'లెక్కపెట్టా అన్నా, 32.'

ఐదు నిమిషాలకి పిన్ని ఫోన్. "ఏరా, 64 వేలు పోయించావట వాడితో. దానికి స్టాండు లేదు, క్యారియర్ లేదు, మడ్‌గార్డు లేదు, బెల్లు కూడా లేదు. గోడకి ఆనించి పెట్టాడు. నిన్నెవరైనా మోసం చేశారేంట్రా?"

స్టాండు ఎందుకుండదో చెప్పడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. పెడల్స్ కూడా విడిగా కొన్నామని మాత్రం ఇంకా చెప్పలేదు.